ఎవరు ఏది ధరించవచ్చు: వేలూరు సీమలో విలాస వస్త్రాలు, హోదా

ఖరీదైన బట్ట కట్టినవాడికి గౌరవం దక్కుతుందన్నది ఇప్పటి లెక్క. వేలూరు సీమలో 19వ శతాబ్ది మొదటి దశాబ్దాల దాకా నడిచిన లెక్క వేరు. అక్కడ గౌరవం ముందు, బట్ట తర్వాత. పట్టు, జరీ, తలపాగా, చెప్పులు, పల్లకి, చెవిపోగు, చివరికి తలలో పెట్టుకునే పువ్వు కూడా డబ్బున్న ప్రతివాడికీ అందే వస్తువులు కావు. వాటిని ధరించే హక్కును రాజో, గుడో, కులపెద్దలో ఇవ్వాలి. ఇచ్చినట్టు రాతి మీద చెక్కించుకోవాలి, లేదా ఊరంతా ఔనని ఒప్పుకోవాలి. విలాస వస్త్రాల చరిత్రను మామూలుగా సంపద చరిత్రగా రాస్తారు. ఈ ప్రాంతపు ఆధారాలను వరసగా పెట్టి చూస్తే దాన్ని అనుమతుల చరిత్రగా చదవడమే సబబనిపిస్తుంది. ఇదేదో దక్షిణదేశానికే ప్రత్యేకమైన విడ్డూరం కాదు. ఇంగ్లండులో 1363లో వచ్చిన చట్టం ఏ అంతస్తువాడు, ఎంత ఆదాయమున్నవాడు ఏ గుడ్డ కట్టవచ్చో విడమరిచి చెప్పింది. అలాంటి చట్టాలు అక్కడ 1604లో గానీ రద్దు కాలేదు. తేడా ఒకటుంది. అక్కడి ఆంక్ష పార్లమెంటు కాగితం మీదిది, దాన్ని ఖాతరు చెయ్యనివాళ్లకు కొదవ లేదు. ఇక్కడి ఆంక్షకు కాపలా కాసింది పక్కవీధి వాళ్లు. అందుకే అది ఎక్కువ కాలం, ఎక్కువ గట్టిగా నిలిచింది.

వేలూరు ఉన్న పాలారు లోయను ఎంచుకోవడానికి కారణం ఉంది. దక్షిణాన అధికారం చేతులు మారినప్పుడల్లా దాని వేషం ఇక్కడ ఒక మజిలీ చేసింది. పడైవీడు రాజ్యం పేరిట విజయనగర సామంతులు, వేలూరు నాయకులు, ఆరవీటి వంశపు చివరి రాయలు, బిజాపూరు సేనలు, మరాఠాలు, ఆర్కాటు నవాబులు, ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీ ఈ సీమను ఏలారు. 16వ శతాబ్దంలో లేచిన వేలూరు కోట గోడల మధ్యే టిప్పు సుల్తాను కొడుకులూ, శ్రీలంకలోని కాండీ రాజ్యపు ఆఖరి రాజూ బందీలుగా బతికారు. తెలుగువాళ్లకు ఇది పరాయి చోటు కాదు. ఊరికి కాస్త దూరంలోని విరించిపురం గుడిలో 1425–26 నాటి శాసనం ఒకటుంది. కన్యాశుల్కం పుచ్చుకోకుండా కన్యాదానంగానే పెళ్లిళ్లు చెయ్యాలని పడైవీడు రాజ్యపు బ్రాహ్మణులు చేసుకున్న కట్టుబాటు అది. అందులో కన్నడిగులు, తమిళులు, లాటులతో పాటు తెలుగువాళ్లనూ పేర్కొన్నారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. కౌండిన్య నది ఒడ్డున చిత్తూరు సరిహద్దుకు ఆనుకుని ఉన్న గుడియాత్తంలో నేటికీ రెండు భాషలూ ఇరుగుపొరుగు.

మొదట రాజాస్థానం సంగతి. విజయనగర కాలపు దర్బారు వేషంలో రెండు వస్తువులు ప్రధానం: తలమీద పొడుగాటి కుళ్లాయి, ఒంటిమీద నిలువుటంగీ లాంటి కబాయి. రెండూ ఇస్లామీ ప్రపంచపు రాచమర్యాదల నుంచి వచ్చినవే. 1443లో రెండవ దేవరాయల కొలువు చూసిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, రాజు ఆలివ్ రంగు శాటిన్ అంగీ తొడిగి, మెడలో మేలిముత్యాల పట్టె పెట్టుకుని కూర్చున్నాడని రాశాడు. దాదాపు 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పాయెస్ వర్ణన ఇంకా నిశితమైనది. కృష్ణదేవరాయలు బంగారు గులాబీలు కుట్టిన తెల్లబట్టలు కట్టి, వజ్రాల హారం వేసుకుని, జరీ కుళ్లాయి పెట్టుకున్నాడట, కాళ్లకు మాత్రం ఏమీ లేవట. తిరుమలలో ఇద్దరు దేవేరులతో నిలుచున్న రాయల లోహ విగ్రహాన్ని ఈ వర్ణన పక్కన పెట్టి చూడాలి. అక్కడా తల మీద కుళ్లాయి ఉంది, ఒంటి మీద కబాయి లేదు. ఛాతీ బోడిగా ఉంది, చేతులు జోడించి ఉన్నాయి. సుల్తానుల రాయబారి ఎదుట ఏది గొప్పదనానికి గుర్తో, వేంకటేశ్వరుడి ఎదుట అదే అవిధేయత. రాజుకు కూడా వేషం సొంత ఇష్టం కాదన్నమాట. ఎదుట ఎవరున్నారో వాళ్లను బట్టి ఏది తొడగాలి, ఏది తియ్యాలి అన్నది తేలేది.

భారతదేశంలో ఫ్యాషన్ అనేదే లేదు, ఇక్కడి వేషం వేల ఏళ్లుగా మారలేదు, కాబట్టి ఐరోపా వాళ్ల విలాస వస్త్రాలతో పోలిక కుదరదు అని కొందరంటారు. కుళ్లాయి కథే దీనికి జవాబు. 15వ శతాబ్దం నాటికే అది ఆస్థాన ప్రవేశానికి తప్పనిసరి అయింది. శ్రీనాథుడి పేరున ప్రచారంలో ఉన్న ఒక చాటువులో, కన్నడ రాజ్యానికి వచ్చి ఈ వేషం వేసుకోవలసి వచ్చినందుకు ఆయన పడ్డ విసుగు కనిపిస్తుంది. 1530ల నాటి లేపాక్షి పైకప్పు చిత్రాల్లో బారులు తీరిన ఉద్యోగుల తలల మీద అదే టోపీ. ఆ తర్వాతి శతాబ్దాల్లో మెల్లగా తప్పుకుంది, దాని చోటును చుట్టు తలపాగా ఆక్రమించింది. ఒక వస్తువు పైనుంచి దిగి వచ్చి, పెద్దలకు తప్పనిసరై, పాతబడి పోయిందంటే దాన్ని ఫ్యాషన్ అనకుండా ఇంకేమనాలి? 17వ శతాబ్ది తొలి ఏళ్లలో వేంకటపతి రాయలు తన రాజధానిని వేలూరుకు మార్చేనాటికి ఈ ఆస్థానానికి జెసూట్ మతగురువుల వెంట ఐరోపా చిత్రకారులు కూడా వచ్చి కొలువు చేస్తున్నారు. కొత్తదనం మీద మోజు వెర్సాయ్‌లోనే పుట్టిందనుకోవడానికి ఆధారం లేదు.

పాయెస్ లాగే విజయనగరానికి వచ్చిన మరో పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ రాసిన చిన్న వివరం నా వాదనకు ఆయువుపట్టు. రాజు ఒకసారి కట్టిన బట్ట మళ్లీ కట్టడు, విడిచిన బట్టలను లెక్క చెప్పే అధికారులకు అప్పగిస్తాడు, అవి ఎన్నటికీ ఎవరికీ ఇవ్వరు, ఇదే గొప్ప వైభవంగా ఎంచుతారు అంటాడు. ఉత్త ఖరీదే ముఖ్యమైతే ఆ బట్టల్ని అమ్మవచ్చు, పంచవచ్చు. పంచకపోవడానికి కారణం, రాజు ఒంటిని తాకిన బట్టతో పాటు హోదా కూడా చేతులు మారుతుందన్న భయం. హోదాను దానం చెయ్యదలచినప్పుడు కొత్త బట్టతో, నిండు కొలువులో, పేరుపెట్టి పిలిచి చేసేవారు. అల్లసాని పెద్దన కాలికి రాయలు గండపెండేరం తొడిగాడన్న తెలుగు సంప్రదాయ కథ చారిత్రకంగా ఎంత నిజమైనా కాకపోయినా, అందులోని తర్కం మాత్రం ఆ కాలానిదే. ఎంత బంగారమున్న షావుకారైనా అలాంటి అందె చేయించి తనంతట తాను తొడుక్కుంటే నవ్వులపాలవుతాడు.

రాజాస్థానం వదిలి వీధిలోకి వస్తే అనుమతి మరింత కటువుగా కనిపిస్తుంది. కొంగునాటి శాసనాల్లో చోళుల చివరి కాలంనాడు కమ్మాళర్లు, అంటే కంసాలి, వడ్రంగి, కమ్మరి, కాశె, కంచరి పనివాళ్లు సంపాదించుకున్న హక్కుల జాబితా ఉంది. మంచికీ చెడ్డకీ జోడు శంఖాలు ఊదించుకోవచ్చు, ఇంటి గోడలకు సున్నం పూయించుకోవచ్చు, బయటికి వెళ్లేటప్పుడు చెప్పులు తొడుక్కోవచ్చు. ఇవి రాజు ఇచ్చిన వరాలు! నగలు చేసేవాళ్లకు, గుడులు కట్టేవాళ్లకు, చెప్పుల కోసం రాజాజ్ఞ కావలసి వచ్చింది. నేతగాళ్ల సంగతి వేలూరుకు మరీ దగ్గరిది. 15వ శతాబ్ది చివర విజయనగర అధికారులు తమిళనాట మరికొన్ని ఊళ్ల కైకోళర్లకు పల్లకి ఎక్కే హక్కు, శంఖం ఊదించుకునే హక్కు ఇచ్చారు. ఇచ్చేటప్పుడు చూపిన పూర్వోదాహరణ కాంచీపురం, విరించిపురం కైకోళర్లది. అంటే వేలూరు పక్కనున్న విరించిపురం నేతగాళ్లు అప్పటికే ఆ మర్యాదలు గెలుచుకుని తక్కిన ఊళ్లవాళ్లకు కొలమానంగా నిలిచారు. వస్త్ర వ్యాపారం బాగా పెరిగిన కాలం అది, నేత కులాల చేతిలో డబ్బు ఆడుతోంది. అయినా ఆ డబ్బు తనంతట తానుగా వాళ్లను పల్లకి ఎక్కించలేకపోయింది. దాన్ని గుడికి దానాలుగా, రాజుకు పన్నులుగా మార్చి, బదులుగా శాసనం పుచ్చుకోవలసి వచ్చింది.

ఈ హక్కుల్ని ఎంత అసూయగా కాచుకునేవాళ్లో ఫ్రెంచి మతగురువు అబే దుబ్వా రాతల్లో కనిపిస్తుంది. 18వ శతాబ్దం చివర దక్షిణాదికి వచ్చి మూడు దశాబ్దాలు ఇక్కడే గడిపిన ఈయన కుడిచేతి, ఎడమచేతి అని రెండు పక్షాలుగా చీలిన కులాల తగాదాల గురించి వివరంగా రాశాడు. చెప్పులు తొడుక్కోవడం, పెళ్లిలో గుర్రమెక్కి ఊరేగడం, ఫలానా రంగు జెండా పట్టడం వీటి మీద తలలు పగిలేవి. ఒక పండుగలో చెప్పులుకుట్టే కులంవాడొకడు తలపాగాలో ఎర్రపూలు తురుముకుని వచ్చాడని, ఎడమచేతివాళ్లకు ఆ హక్కు లేదని కుడిచేతివైపు పరయర్లు అడ్డుకున్నారని, దాంతో పెద్ద గొడవ అయిందని ఆయన చెబుతాడు. పొలం గట్టున పూసే పువ్వుకు ధర ఏముంటుంది? తగాదాకు దిగినవాళ్లిద్దరూ సమాజపు అట్టడుగున ఉన్నవాళ్లే కావడం గమనించదగ్గది. పై అంతస్తులవాళ్లు తమ గుర్తుల్ని కింది వాళ్లకు అందకుండా దాచుకున్నారన్న మాట సగమే నిజం. ప్రతి మెట్టువాడూ తన కింది మెట్టు మీద అదే కాపలా కాశాడు.

ఇంత చెప్పినా ఖరీదును తీసిపారెయ్యడం కుదరదు. అసలు సిసలు జరీ ఎలా తయారవుతుందో చూస్తే చాలు: వెండిని సన్నని తీగగా సాగదీసి, ఆ తీగను చదును చేసి, పట్టు దారం చుట్టూ సందు లేకుండా చుట్టి, పైన బంగారు పూత పూస్తారు. అలాంటి పోగులు వేలకొద్దీ అంచులోకీ కొంగులోకీ వెళతాయి. చీర చిరిగి పీలికలైనా జరీ విలువ పోదు. పాత పట్టుచీరలు కొంటామంటూ వీధుల్లో తిరిగేవాళ్లు వాటిని కాల్చి బూడిదలోంచి వెండి తీసేది అందుకే. రంగులూ అంతే. కోరమండలం ఎరుపుకు చిరివేరు కావాలి, దాన్ని తవ్వి, దంచి, రోజుల తరబడి ఉడికించి, మళ్లీ మళ్లీ ముంచితే గానీ చెదరని రంగు రాదు. ఈ గుడ్డల కోసమే ఐరోపా వాళ్లు ఓడలెక్కి వచ్చారు. చంద్రగిరి, వేలూరు రాజుల కింది దామెర్ల నాయకుల దగ్గర 1639లో ఇంగ్లీషువాళ్లు మద్రాసు నేల పుచ్చుకున్నది బట్టల బేరం కోసమే. ఇక్కడి అద్దకపు గుడ్డ మీద అక్కడ మోజు ఎంత ముదిరిందంటే, సొంత నేతగాళ్లు మునిగిపోతున్నారని ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండు 1700లోనూ 1721లోనూ నిషేధాలు పెట్టాయి. కాబట్టి ధర ఒక కంచె, నిజమే. బీదవాడు దాన్ని దాటలేడు. నా వాదన ఏమిటంటే, దాన్ని దాటినవాడికి లోపల ఇంకో తలుపు ఉండేది, అది డబ్బుకు తెరుచుకునేది కాదు.

ఈ రెంటినీ విడదీసి చూపే సాక్ష్యాలు రెండు వైపులా ఉన్నాయి. ఒకవైపు, విపరీతమైన సంపద ఒంటిమీద మోస్తూ కులీనులు కానివాళ్లు. విజయనగరంలో ఆడే సానుల మెడల్లో రత్నాల పట్టెలు, చేతులకూ నడుముకూ బంగారం చూసి పాయెస్ నోరెళ్లబెట్టాడు. వాళ్లలో ఒకామె దగ్గర లక్ష వరహాలున్నాయని విన్నాడు. అంత నగ పెట్టుకోవడానికి వాళ్లకు అధికారం గుడి, రాజు ఇచ్చిన కొలువు వల్ల వచ్చింది. ఆ కొలువు దాటి గృహిణుల పంక్తిలో కూర్చునే హోదాను అదే బంగారం తెచ్చిపెట్టలేదు. మరోవైపు, దాదాపు ఖర్చే లేని గుడ్డ మహా గౌరవం అయిన సందర్భాలు. స్వామికి కట్టి తీసిన వస్త్రాన్ని తలకు చుట్టే పరివట్టం కోసం, అది ముందు ఎవరి తలకు చుట్టాలన్న వరస కోసం, దక్షిణాది గుళ్లలో తరతరాలుగా వ్యాజ్యాలు నడిచాయి. బ్రిటిష్ కాలంలో కోర్టులు ఈ మర్యాదల తగాదాలతో సతమతమయ్యాయి. ఇప్పటి సభల్లో భుజాన వేసే శాలువా దాని దూరపు చుట్టమే: దుకాణంలో దాని ధర అడిగినవాడెవడూ వేదిక మీద దాన్ని కాదనడు. వేలూరు నాయకుడు చిన్నబొమ్ముడు అప్పయ్య దీక్షితులకు కనకాభిషేకం చేసిన సంగతి 1582 నాటి అడయపాలెం శాసనంలో ఉంది. ఆ బంగారాన్ని దీక్షితులు గుడికీ, పండితుల పోషణకూ వెచ్చించాడు. బంగారం వెళ్లిపోయింది, అది నెత్తిన కురిసిందన్న గౌరవం మాత్రం నాలుగు శతాబ్దాలు దాటినా ఆయన పేరుతో ఉంది.

ఆర్కాటు నవాబుల కాలానికి అనుమతి పద్ధతికి మొగలాయి రూపం వచ్చింది. పై అధికారి కింది అధికారికి ఖిలాతు ఇస్తాడు: అంగీ, తలపాగా, నడికట్టు, ఒక్కోసారి కత్తి, కలికితురాయి. పుచ్చుకున్నవాడు అక్కడే దాన్ని తొడుక్కుని సలాము చేస్తే లొంగినట్టు. 1749 నుంచి 1795 దాకా నవాబుగా ఉన్న మహమ్మద్ అలీ వాలాజా ఈ ఆటను రెండు వైపులా ఆడాడు. టిల్లీ కెటిల్, జార్జ్ విల్లిసన్ లాంటి ఇంగ్లీషు చిత్రకారుల చేత తెల్లని మస్లిన్ జామా, ముత్యాల పేటలతో నిలువెత్తు బొమ్మలు గీయించుకున్నాడు, ఇంగ్లండు రాణి షార్లెట్‌కు వజ్రాలు పంపాడు. కంపెనీకి అప్పులపాలవుతున్నా బొమ్మలోని నవాబు మాత్రం సార్వభౌముడే. ఇక కంపెనీవాళ్లకు ఖిలాతు అంటే బహుమతి, బహుమతి అంటే లంచం. 1773 రెగ్యులేటింగ్ చట్టం తమ ఉద్యోగులు స్థానిక పాలకుల దగ్గర కానుకలు పుచ్చుకోకూడదంది. ఒకే అంగీని ఒకరు విధేయతగా, ఇంకొకరు సొమ్ముగా లెక్కవేశారు. బట్టను ధరగా మాత్రమే చూసే దృష్టి ఈ సీమలోకి ప్రభుత్వ రూపంలో అడుగుపెట్టింది ఇక్కడే.

ఆ దృష్టి ఎంత ప్రమాదకరమో వేలూరు కోటలోనే తేలింది. 1805 నవంబరులో మద్రాసు సైన్యాధిపతి జాన్ క్రాడాక్ హయాంలో సిపాయిలకు కొత్త తలపాగా నమూనా ఖరారైంది. చూడటానికి అది చుట్టుపాగాలా కాక దొరల టోపీలా ఉండేది, ముందు తోలు తురాయి. 1806 మార్చిలో వచ్చిన నియమావళి మరికొంత దూరం వెళ్లింది: యూనిఫాంలో ఉన్నప్పుడు ముఖాన కులం తెలిపే బొట్టు, నామం ఉండకూడదు, చెవులకు పోగులు ఉండకూడదు, గడ్డం నున్నగా గీసుకోవాలి, మీసం అందరికీ ఒకే తీరున ఉండాలి. మే నెలలో వేలూరులోని సిపాయిలు ఆ పాగా పెట్టుకోబోమన్నారు. ఇద్దరికి, ఒక హిందువుకూ ఒక ముస్లిముకూ, చెరి 900 కొరడా దెబ్బల శిక్ష పడింది. జులై 9న కోటలో టిప్పు కూతురి పెళ్లి, 10 తెల్లవారకముందే తిరుగుబాటు. దుర్గాధిపతి కర్నల్ ఫాన్‌కోర్ట్‌తో సహా వందమందికి పైగా బ్రిటిష్ వాళ్లు చనిపోయారు, కోట మీద మైసూరు జెండా ఎగిరింది. ఆర్కాటు నుంచి గుర్రపు దళంతో వచ్చిన గిలెస్పీ మధ్యాహ్నం కాకముందే కోటను తిరిగి పట్టుకున్నాడు, వందలాది సిపాయిలను చంపారు. తలపాగా ఉత్తర్వు రద్దయింది. క్రాడాక్‌ను, గవర్నరు విలియం బెంటింక్‌ను లండను వెనక్కి పిలిపించింది. టిప్పు కొడుకులను కలకత్తాకు తరలించారు.

ఇది మతం గొడవ, దీన్ని హోదా కథలో కలపడం బలవంతం అన్న అభ్యంతరం తేలిగ్గా కొట్టెయ్యదగ్గది కాదు. తోలు ఆవుదో పందిదో అన్న అనుమానం, యూనిఫాం మీది మరమేకులు తిప్పే పనిముట్టు శిలువలా ఉందన్న పుకారు, అందరినీ కిరస్తానీలను చేస్తారన్న భయం విచారణల్లో స్పష్టంగా ఉన్నాయి. టిప్పు వంశం వాళ్ల రాజకీయ ఆశ కూడా ఉంది. వీటిని ఒప్పుకుంటూనే రెండు విషయాలు చూడాలి. ఎర్రకోటు, బిగుతు పొట్టి లాగు అప్పటికి దశాబ్దాలుగా తొడుగుతున్నారు. అవీ దొరల వేషమే, వాటి మీద ఎవరూ కత్తి దూయలేదు. కోటు జీతమిచ్చేవాడిది, తలపాగా ఊరిది. ఏ వైపు వంచి చుడతారు, ఎంత గుడ్డ వాడతారు, అంచు ఎలాంటిది అన్నదాన్ని బట్టి మనిషి కులం, పుట్టిన సీమ, పరువు ఊళ్లో తెలిసిపోతాయి. రెండోది, చెవిపోగులు తియ్యమనడానికీ తోలుకూ సంబంధం లేదు. సిపాయి చెవిలో బంగారు పోగు అతని కుటుంబం నిలదొక్కుకుందనడానికి సాక్ష్యం, కష్టకాలంలో కుదువబెట్టుకునే ఆస్తి. ఈ టోపీ పెడితే మాకు పిల్లనెవరిస్తారు, మాతో నీళ్లెవరు తాగుతారు అన్నదే సిపాయిల మొర. మతమూ పరువూ అప్పటివాళ్లకు వేర్వేరు డబ్బాలు కావు. ఉత్తర్వు రాసినవాళ్లు మాత్రం పాగాను ఒక సరుకుగా చూశారు: పాతది తీసి కొత్తది ఇస్తున్నాం కదా, ఖర్చు మాదే కదా అని. చిత్రమేమిటంటే, ఆనాడు తోలు తలకెక్కిందని రగిలిన ఇదే పాలారు లోయను ఇవాళ పోషిస్తున్నది తోళ్ల పరిశ్రమే. ఆంబూరు జోళ్లు ఖండాంతరాలు దాటుతున్నాయి.

టిప్పు వంశం వెళ్లిన పదేళ్లకు కోటకు మరో బందీ వచ్చాడు. కాండీ చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు మధుర వైపు నాయక్కర్ కుటుంబం నుంచి వెళ్లినవాడు, సింహళ సింహాసనమెక్కిన తెలుగు మూలాలవాడు. 1798 నుంచి 1815 దాకా ఏలాడు, 1815 ఫిబ్రవరిలో పట్టుబడి, 1816లో వేలూరుకు చేరి, 1832 జనవరి 30న ఇక్కడే కన్నుమూశాడు. పాలారు పక్కన ఆయన సమాధి ముత్తు మండపం పేరుతో ఉంది. ఆయన రాజ్యంలో బట్ట మీద ఆంక్ష ఎంత సూక్ష్మమో అంతకు ఒకటిన్నర శతాబ్దం ముందు అక్కడ బందీగా గడిపిన ఇంగ్లీషువాడు రాబర్ట్ నాక్స్ 1681లో అచ్చు వేశాడు. పై కులంవాడికి చొక్కా ఉంటుంది, పంచె మోకాలు దాటి దిగుతుంది. కింది కులంవాడికి ఆ జానెడు పొడుగు కూడా నిషిద్ధం. ఆ వ్యవస్థకు శిఖరమైన రాజు వేలూరుకు వచ్చాక ఆయన ఎంత పొడుగు పంచె కట్టినా, ఎన్ని నగలు పెట్టినా, ఒప్పుకునే ప్రజ లేదు, మోకాలి పైకి కట్టవలసిన వాళ్లూ లేరు. ఆయన కూర్చున్న సింహాసనం 1693లో డచ్చివాళ్లు కాండీకి కానుకగా ఇచ్చింది. అది విండ్సర్ కోటకు చేరి 1934లో గానీ శ్రీలంకకు తిరిగి రాలేదు. వస్తువులు అలా ఊళ్లు తిరిగాయి, వాటికి హోదా ఇచ్చిన బంధం మాత్రం 1815లోనే తెగింది.

19వ శతాబ్దంలో ఈ వ్యవస్థ మూడు వైపుల నుంచి కోతకు గురైంది. మాంచెస్టరు మిల్లు గుడ్డ సన్నబట్టను సామాన్యుడికి అందించింది. 1869లో కృత్రిమ అలిజరిన్ రావడంతో చిరివేరు ఎరుపు చౌకబారు రంగయింది. కంపెనీ, ఆ తర్వాత రాణి ప్రభుత్వం, కుల మర్యాదలకు శాసనం రాసివ్వడం తమ పని కాదన్నాయి. అయినా అనుమతి అడగడం, నిరాకరించడం ఆగలేదు. తిరువాంకూరులో నాడార్ స్త్రీలు రవిక కోసం దశాబ్దాలు పోరాడాక 1859 జులైలో వచ్చిన రాజప్రకటన ఒళ్లు కప్పుకోవడానికి ఒప్పుకుంది, పెద్దకులాల ఆడవాళ్లు కప్పుకునే తీరున మాత్రం వద్దంది. 1930 డిసెంబరులో రామనాథపురం జిల్లాలో కళ్లర్లు ఆదిద్రావిడులకు ఎనిమిది ఆంక్షలు పెట్టారు: బంగారు, వెండి నగలు వద్దు, మగవాళ్లు మోకాలి కిందికీ నడుము పైకీ బట్ట కట్టవద్దు, వగైరా. వీటిని జనగణన కమిషనరు హట్టన్ నమోదు చేశాడు. మిల్లు గుడ్డ గజం కొద్ది అణాలకు దొరికే రోజులవి. బట్ట చౌకైతే హోదా గుర్తులు వాటంతట అవే చెరిగిపోతాయన్న ఆర్థికవాదుల అంచనాను ఈ జాబితా ఒక్కటే తిప్పికొడుతుంది.

గుడియాత్తం కథ ఇక్కడ అవసరమవుతుంది, ఎందుకంటే అది విలాసానికి అవతలి ఒడ్డు. ఈ ఊరి మగ్గాల పేరు పట్టుకు కాదు, లుంగీకి. నేసేవాళ్లలో పాత శాసనాల కైకోళర్లే, ఇప్పుడు సెంగుందర్లు, ఎక్కువ. గళ్ల నూలు గుడ్డలో పనితనం కంటికి ఆనదు. పడుగులో ఏ రంగు పోగులు ఎన్ని, పేకలో ఎన్ని అన్న లెక్క ఒక్కచోట తప్పితే గడి చతురస్రం కాకుండా కోలగా సాగుతుంది. రెండంచులు కలిపి కుట్టినప్పుడు గడికి గడి అతకాలి, అతక్కపోతే సరుకు వెనక్కి వస్తుంది. అలా నేసిన గుడ్డ తమిళ, తెలుగు ఇళ్లలో మగవాడు బయటి పంచె విడిచి ఇంట్లో చుట్టుకునేది. పెళ్లి పందిట్లోకి దాంతో వెళితే మొహం చిట్లిస్తారు. దీని దగ్గరి చుట్టం మద్రాసు గళ్ల గుడ్డ సంగతి చూడండి. నైజర్ నది ముఖద్వారంలోని కలబారి జాతివాళ్లు దాన్ని ఇంజిరి అంటారు. పెద్దింటి వాళ్లు పెట్టెల్లో దాచుకుని, పిల్లలకు వారసత్వంగా ఇచ్చుకుని, పెద్దల అంత్యక్రియల్లో గదుల గోడలకు కడతారు. దానిలోంచి కొన్ని పోగులు బ్లేడుతో కోసి లాగేసి కొత్త అల్లిక తేల్చడం అక్కడి ఆడవాళ్ల విద్య. 1958లో అమెరికాలో రంగు కారే మద్రాసు గుడ్డను అదే దాని గొప్ప అని చెప్పి ఖరీదుగా అమ్మారు. ఒకే నేత, ఒకే నూలు, మూడు చోట్ల మూడు హోదాలు. గుడ్డలోని నాణ్యతే హోదాను నిర్ణయిస్తుందనేవాళ్లు దీనికి సమాధానం చెప్పాల్సి ఉంటుంది.

ఇప్పుడు వేలూరులో ఎవరైనా కంచిపట్టు కొనవచ్చు, 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన అసలుదో, రాగి మీద పూత పూసిన నకిలీ జరీదో స్తోమతును బట్టి. పెళ్లికి పట్టుచీర కులాలన్నిటికీ మామూలైంది. దీన్ని ప్రజాస్వామ్యం గెలుపు అనడంలో తప్పు లేదు, చెప్పుల కోసం శాసనం చెక్కించుకున్న తరాలను తలుచుకుంటే అది చిన్న గెలుపు కూడా కాదు. అనుమతి అన్నది పూర్తిగా చచ్చిపోయిందా అంటే, కట్టేవాడి మీదనుంచి లేచి నేసేవాడి మీద వాలింది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద 22 రకాల బట్టలను చేమగ్గానికే కేటాయించారు, తర్వాత వాటిని 11కు తగ్గించారు. చీర, పంచె, లుంగీ ఆ జాబితాలో ఉన్నాయి. మరమగ్గాలవాళ్లు ఈ చట్టం మీద కోర్టుకెళితే 1993లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. గుడియాత్తం నేతగాడి లుంగీని ఇవాళ ఎవడైనా చుట్టుకోవచ్చు, చట్టం రాసిన ప్రకారం మరమగ్గం మీద మాత్రం నెయ్యకూడదు. నేస్తున్నారా అంటే, నేస్తున్నారు. ఆ ఉల్లంఘనను పట్టుకోవలసింది తనిఖీ అధికారులు, పక్కవీధి వాళ్లు కారు.